గాలపుత్రాటి కొసదారము: ఒక చారిత్రక పరిశీలనము

మన భాషలో 'గాలము' అను పదమునకు గల వ్యాప్తి సామాన్యమైనది కాదు. 'గాలము వేసినాడు', 'గాలమునకు చిక్కినాడు', 'ఎర చూపినాడు' అను పలుకుబడులు సముద్రము నెన్నడును చూడనివారి నోటగూడ వినబడుచుండును. కన్నడమున 'గాళ', మరాఠీలో 'గళ' అను రూపములు ఈ యర్థముననే కలవు. తమిళులు 'తూండిల్' అనియు, మలయాళీలు 'చూండ' అనియు వేఱు పదములను వాడుదురు. సంస్కృతమున 'బడిశము' ప్రసిద్ధము. ఇట్లు గాలమును, ఎరయు భాషలో స్థిరమైన స్థానమును సంపాదించుకొనగా, వానిని జాలరి చేతితో కలుపు త్రాటికి మాత్రము పలుకుబడులలో అంత చోటు దొరకలేదు. అందును గాలమును అంటియుండు కొసభాగపు ప్రస్తావన మఱింత అరుదు. చేప కంట పడకుండుట ఆ కొసభాగమునకు ధర్మము. చరిత్రకారుని కంటను అది అంతగా పడలేదు.

ఈ వ్యాసమున ఆ కొసభాగమును 'కొసదారము' అనియు, జాలరి చేతిలో నుండు పొడవైన భాగమును 'పెద్దత్రాడు' అనియు వ్యవహరింతుము. పడవపై కూర్చుండి, గడకఱ్ఱ గాని, దారము చుట్టు యంత్రము గాని లేక, వట్టిచేతితో త్రాడు వదలి చేపను పట్టు పద్ధతి మా పరిశీలనకు ముఖ్యవిషయము. ఈ కొసదారమును ఏయే కాలముల దేనితో చేసిరి, ఏ కారణముచే ఒక వస్తువును విడిచి మఱియొక వస్తువును గైకొనిరి అనునవి ప్రశ్నలు. 'ఎక్కువ బలముగల దారము దొరకగానే తక్కువ బలముగల దానిని విడిచిరి' అని సాధారణముగా సమాధానము చెప్పుదురు. ఈ సమాధానము చాలదని మా యభిప్రాయము. చేప చూపు, పంటి కోత, దారమునందలి ముడి అను మూడు విషయములు కొసదారపు చరిత్రను బలముకంటె ఎక్కువగా నడిపినవని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

1. చేతిత్రాటి ధర్మము

ముందుగా పనితీరును తెలిసికొనుట అవసరము. గడకఱ్ఱతో పట్టునప్పుడు చేప గుంజుడును కఱ్ఱ వంగి కొంత ఓర్చుకొనును. చుట్టు యంత్రమున్నచో దారము జారి మఱికొంత ఓర్చుకొనును. చేతిత్రాటికి ఈ రెండు ఆదరువులును లేవు. చేప గుంజినప్పుడు వ్రేళ్ళ నడుమ త్రాటిని జారవిడుచుట, అది అలసినప్పుడు లాగుకొనుట, ఇదియే ఉపాయము. ఆ జారుడులో సన్నని దారము వ్రేళ్ళను కోయును. కావున పెద్దత్రాడు చేతికి పట్టు దొరకునంత లావుగా నుండవలెను. ఆ లావునుబట్టి దాని బలము, పట్టదలచిన చేపకు వలసిన బలముకంటె సాధారణముగా హెచ్చుగనే యుండును.

కొసదారము సంగతి వేఱు. అది ఎరకు దగ్గఱగా, చేప చూపునకు ఎదురుగా నుండునది. లావైనచో చేప అనుమానించి తొలగిపోవచ్చును; మిక్కిలి సన్ననైనచో పంటికిని, రాతికిని ఆగదు. మఱియొక విశేషము గలదు. గాలము సముద్రగర్భమందలి రాతికి తగులుకొనిన యెడల ఎక్కడనో ఒకచోట తెగక తప్పదు. కొసదారము పెద్దత్రాటికంటె బలహీనమైనచో గాలముతో కొసదారము మాత్రము పోవును. కానిచో పెద్దత్రాడును పోవచ్చును. తెగవలసినచోట తెగుటయు కొసదారపు గుణములలో నొకటి. బలమొక్కటే ప్రమాణమైనచో ఈ గుణమునకు అర్థముండదు.

నేటి అనకాపల్లి జిల్లాలోని పూడిమడక గాలపువేటకు పేరుపొందిన గ్రామము. అచటి జాలరులు చిన్న పడవలపై చాలదూరము పోయి చేతిత్రాళ్ళతో ట్యూనా వంటి పెద్ద చేపలను పట్టుదురు. కొంతకాలము క్రిందట వృత్తిపదములను వ్రాసికొనుటకై మేము ఆ తీరమునకు పోయినప్పుడు, ఒక వృద్ధుడు పడవనీడను కూర్చుండి గాలములు కట్టుకొనుచుండెను. రెండు దారములను వ్రేళ్ళతో తడవి చూచి, లావుదానిని చేతబట్టుకొని, 'పెద్ద చేపకు ఇదియే తగినది కాదా?' అని అడిగితిమి. అతడు నవ్వి, 'పెద్దతాడు నా సేతికి బాబూ, కొసతాడు సేపకి' అనెను. మేము బలమును గూర్చి వ్రాసికొని పోయిన ప్రశ్నలన్నియు ఆ మాటతో నిరుపయోగములైనవి. ఈ వ్యాసమున చెప్పదలచినదానిలో సగము ఆ మాటలోనే యున్నది. తక్కిన సగము దానికి చరిత్రలోగల సాక్ష్యము.

2. ప్రాచీన గ్రీకుల చర్చ

కొసదారమును గూర్చిన చర్చ మిక్కిలి ప్రాచీనమైనది. హోమరు 'ఇలియడ్' కావ్యమున ఇరువదినాలుగవ సర్గయందు దేవదూతయైన ఐరిస్ సముద్రమున మునుగుటను వర్ణించుచు, ఎద్దుకొమ్ముతో కూడిన సీసపుగుండు చేపలకు చావు తెచ్చుచు నీట దిగుటతో పోల్చెను. గాలపుత్రాటికి సీసము కట్టుట అందఱు నెఱిగినదే, ఎద్దుకొమ్ము ఎందులకు? ఈ ప్రశ్నపై ప్రాచీనులే తర్కించిరి. ఆ తర్కమును క్రీస్తుశకము మొదటి, రెండవ శతాబ్దుల సంధిలో జీవించిన ప్లూటార్కు మనకు భద్రపఱచినాడు. భూచరములు తెలివిగలవా, జలచరములు తెలివిగలవా అని విచారించు తన సంవాదగ్రంథములో అతడు ఈ ప్రసంగమును తెచ్చెను.

కొందఱు 'కొమ్ము' అను పదమునకు వెండ్రుకయని అర్థము చెప్పి, పూర్వులు ఎద్దు వెండ్రుకలతో గాలపుత్రాళ్ళు చేసిరనిరి. ప్లూటార్కు దీనిని అంగీకరింపలేదు. జాలరులు వాడునవి గుఱ్ఱపువెండ్రుకలనియు, వానిలోను మగగుఱ్ఱముల వెండ్రుకలను ఏఱుకొందురనియు, ఆడుగుఱ్ఱపు తోక మూత్రముచే తడిసి బలహీనమగుట దీనికి కారణమనియు చెప్పెను. అరిస్టాటిలు అభిప్రాయమును గూడ అతడు ఉదాహరించెను. దాని ప్రకారము ఆ పద్యమున గూఢార్థ మేమియు లేదు. చేపలు దారమును కొఱికివేయకుండుటకై గాలమునకు పైన దారముచుట్టు చిన్న కొమ్ముగొట్టమును తొడుగుచుండిరి. కొమ్ముతో చేసిన ఎరయే యని చెప్పిన ఆధునికులును గలరు. ఏ పక్షము సరియైనదైనను, అరిస్టాటిలునకు ఆ వివరణము సహజముగా తోచుటనుబట్టి, పంటికోతకు ఆగు కొసభాగము అతని కాలమునకు తెలిసిన విషయమేయని మనము గ్రహింపవచ్చును.

ప్లూటార్కు అంతటితో విడువక మఱి రెండు లక్షణములు చెప్పెను. దారమునందు ముడులు ఎక్కువగా నుండరాదు, గరుకుదనము పనికిరాదు. ఏలయన అవి చేపకు మోసమును తెలియజేయును. గాలము దగ్గఱి వెండ్రుకలు వీలైనంత తెల్లనివై యుండవలెను. నీటివన్నెతో కలిసిపోయి కనబడకుండును. కొసదారమును ఎన్నుకొను విధమును ఇంత సూటిగా చెప్పిన ప్రాచీనసాక్ష్యములు అరుదు. వెండ్రుకను ఏఱుటలో బలము గణనకు వచ్చినది. కాని గాలము దగ్గఱికి వచ్చుసరికి ప్రమాణము మాఱినది. త్రాటి కొసను వేఱు దృష్టితో చూడవలెనని అప్పటి జాలరులు ఎఱిగియుండిరి.

రెండవ శతాబ్దివాడైన ఓపియను తన మత్స్యవేట కావ్యమున మఱియొక వివరమును చేర్చెను. నక్కసొర వంటి కొన్ని చేపలు గాలము తగిలిన వెంటనే వెనుదీయక పైకి దూసికొనివచ్చి, దారమును నడుమనో కొసవెండ్రుకలవద్దనో పండ్లతో కొఱికివేయును. అందువలన అట్టి చేపలకొఱకు గాలపుకాడను పొడవుగా లోహముతో చేయుదురని అతడు చెప్పెను. పంటికి అందునంతమేర లోహము, అంతకుమించి వెండ్రుక: ఈ విభజనము నేటి ఇనుపతీగ కొసకు పూర్వరూపమని చెప్పదగియున్నది.

3. భారతీయ సాక్ష్యము, దాని పరిమితి

మన దేశమున గాలము కావ్యములలో దృష్టాంతముగా చిరపరిచితము. మహాభారతము ఉద్యోగపర్వమందలి విదురనీతిలో, ఎరచే కప్పబడిన ఇనుపగాలమును మ్రింగు చేప లోభికి ఉపమానముగా వచ్చును. శాస్త్రగ్రంథములలో కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున రచించిన 'మానసోల్లాసము' ముఖ్యము. రాజుల వినోదములలో నొకటిగా అందు మత్స్యవినోదము చేర్చబడినది. చేపల జాతులు, వాని ఆహారము, గాలముతో వానిని పట్టు విధము అందు చెప్పబడినవి. మత్స్యశాస్త్రవేత్త సుందరలాల్ హోరా 1951లో ఈ భాగమును పరిశీలించి ప్రకటించెను. కల్యాణి చాళుక్యుల యేలుబడి తెలుగునేల భాగములపైకిని వ్యాపించినది గనుక ఈ గ్రంథము మనకు పరాయిది కాదు.

అయినను దీని పరిమితిని గుర్తింపవలెను. మానసోల్లాసము వినోదించు రాజునకై వ్రాయబడినది. కడుపుకూటికై సముద్రముమీద పోవు జాలరి అందు కథానాయకుడు కాడు. పాశ్చాత్యదేశములలోను ఇదే స్థితి. 1653లో ఆంగ్లమున వెలువడిన ఐజాక్ వాల్టను గ్రంథము ఏటియొడ్డున గడకఱ్ఱతో వినోదించువానికై పుట్టినది. మన చెన్నపురి రాజధానిలో ఉద్యోగియైన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గడకఱ్ఱవేటను గూర్చి వ్రాసిన గ్రంథమును అట్టిదే. దారమును గూర్చి వ్రాసినవారిలో పలువురు గడకఱ్ఱ పట్టినవారు. చేతిత్రాటిని పట్టినవారు వ్రాయుట అరుదు. కొసదారపు చరిత్రను వ్రాయువారు ఈ పక్షపాతమును మనసున నుంచుకొని సాక్ష్యమును తూచవలెను.

సముద్రపుచేతిత్రాటిని గూర్చి విస్తారముగా సాక్ష్యము లభించు స్థలము ఉత్తర అమెరికా తూర్పుతీరమందలి న్యూఫౌండ్లాండు మిట్టలు. అచట కాడ్ అను చేపను యూరపు దేశములవారు శతాబ్దులపాటు ఓడ అంచునుండియు, పిదప చిన్న పడవలనుండియు చేతిత్రాళ్ళతో పట్టిరి. కిప్లింగు 1897లో ప్రకటించిన 'కెప్టెన్స్ కరేజియస్' నవల ఈ జీవనమును చిత్రించినది. అచటి త్రాళ్ళు జనపనార, నూలు మొదలగువానితో చేసినవి. బరువైన సీసము కట్టి లోతునకు దింపునవి. కాడ్ లోతైన మసకనీట నేలకు దగ్గఱగా మేయునది. దారమును కోయు పదునైన పండ్లు దానికి లేవు. కావున అచట కొసభాగమునకు నాజూకైన వస్తువు అవసరము కాలేదు; మోటుత్రాడే చాలినది. చేప మాఱినచో కొసదారము మాఱుననుటకు ఇది వ్యతిరేకదృష్టాంతముగా ఉపకరించును.

4. వెండ్రుకనుండి పట్టుతంతువునకు

యూరపున గుఱ్ఱపువెండ్రుక పదునేడవ శతాబ్దివఱకు నిరాటంకముగా సాగినది. పలు వెండ్రుకలను పేని త్రాడు చేయుచు, గాలము సమీపించుకొలది వెండ్రుకల సంఖ్యను తగ్గించుచు, చివరకు ఒకటి రెండు వెండ్రుకలతో ముగించుట వాడుక. వెండ్రుక తెల్లనిది, నున్ననిది, సాగునది. దాని లోపము పొడవు. తోకవెండ్రుక రెండు మూడు అడుగులకు మించుట అరుదు. అంతకు మించిన కొసకు ముడి తప్పదు. ముడి యెక్కడనో బలహీనత యక్కడ. ప్లూటార్కు చెప్పినట్లు చేపకు అనుమానమును అక్కడనే.

1667 మార్చి 18వ తేదీన సామ్యుయేలు పెపిస్ తన దినచర్యలో ఒక మిత్రుడు చెప్పిన ప్రయోగమును వ్రాసికొనెను. వాద్యములకు కట్టు నరపుతంత్రికి మెఱుగునూనె పూసి, నీట ఉబ్బకుండునట్లు చేసి, కొసదారముగా వాడగా, సన్నదనమునను బలమునను వెండ్రుకను మించినదట. ఇక్కడ సన్నదనము, బలము జంటగా పేర్కొనబడుట గమనింపదగినది. కోరిక బలముకొఱకు మాత్రమే కాదు. లావు పెరుగని బలముకొఱకు.

ఆ కోరికను తీర్చినది పట్టుపురుగు. జేమ్సు సాండర్సు 1724లో ప్రకటించిన గ్రంథము ఈ తంతువును పేర్కొన్న తొలి ఆంగ్లరచనలలో నొకటి. దీని తయారీ విచిత్రమైనది. పురుగు గూడు కట్టుటకు సిద్ధమైన సమయమున దానిని పులిసిన ద్రవములో, అనగా వెనిగారులో, ముంచి చంపుదురు. పిదప దాని శరీరమును విప్పి, లోనున్న పట్టుద్రవపు గ్రంథులను బయటకు తీసి, రెండు కొనలు పట్టుకొని సాగదీయుదురు. ఆ ద్రవము గాలి తగిలి గట్టిపడి ఒకే పోగుగా నిలుచును. స్పెయినునందలి మూర్సియా ప్రాంతము ఈ పరిశ్రమకు ప్రసిద్ధి కెక్కినది. ఈ తంతువు పారదర్శకము, నున్నన, తన లావునకు మిక్కిలి బలమైనది. కాని పొడిగా నున్నప్పుడు పెళుసు. నీట నానబెట్టి మెత్తబఱచిన పిదపనే ముడి వేయవలెను.

పొడవు విషయమున ఇది వెండ్రుకకంటెను తక్కువ. ఒక పురుగు గ్రంథినుండి వచ్చు పోగు సాధారణముగా మూరెడుకు అటునిటు. బారెడు పొడవుగల కొసదారము కావలెనన్న నాలుగైదు పోగులు, మూడు నాలుగు ముడులు తప్పవు. బలము పెరిగినది, సన్నదనము పెరిగినది. ముడి మాత్రము తొలగలేదు. సుమారు రెండు శతాబ్దుల కాలము పట్టుతంతువు ఏలినను, దానిని వాడినవారు ముడులతోనే పోరాడవలసివచ్చినది.

5. ప్రాచ్యసముద్రములు: పేరు నిలిచి వస్తువు మాఱుట

పట్టుతంతువును యూరపువారి సొత్తుగా భావించుట పొరపాటు. చీనాలో అడవిపట్టుపురుగులనుండి ఇట్టి తంతువు చేయుచుండిరి. అది జపానునకు చేరి 'తెగుసు' అను పేరు పొందినది. ఆ పేరును వ్రాయు లిపిచిహ్నములకు అడవిపట్టు దారమని అర్థము. ఎదో యుగమున జపానునందలి అవా ప్రాంతపు దోనౌరా జాలరులు ఈ తంతువును చేతిత్రాళ్ళకు కొసగా కట్టి సముద్రపుచేపలను పట్టుటలో నేర్పరులై, పశ్చిమ జపాను తీరములందు ఆ విద్యను, ఆ సరకును వ్యాపింపజేసిరి. చీనానుండి వచ్చిన మందుల మూటలకు కట్టిన దారమును చూచి వారు ఈ యుపాయమును కనుగొనిరని అచట ఐతిహ్యము గలదు. ఐతిహ్యము నెట్లున్నను, పడవపై చేతిత్రాటితో బ్రదుకువారే ఒక వస్తువును ఎన్నుకొని వ్యాపింపజేసిరనుటకు ఇది చక్కని నిదర్శనము.

భాషాపరిశోధకులకు ఇక్కడ మఱియొక విశేషము గలదు. పట్టుతంతువు వాడుక తప్పి కృత్రిమతంతువులు వచ్చిన పిదపగూడ జపానులో 'తెగుసు' అను పేరు నిలిచినది. నేడు నైలాను దారమును ఆ పేరుతోనే పిలుతురు. మలయాభాషలో గాలపుదారమునకు 'తంగ్సి' అను మాట కలదు. సింహళమున నైలాను ఒంటిపోగును 'తంగుస్' అందురు. తమిళమున 'తంగూసి' యను రూపము వినబడుచున్నది. ఈ మూడు రూపముల సామ్యము సముద్రవర్తకముదారిని సూచించుచున్నది. వస్తువు పడవలో వచ్చును, పేరు దానితో వచ్చును. వస్తువు మాఱినను పేరు మిగులును. మన తీరమందలి జాలరిపల్లెలలో దారములకుగల పేర్లను ఊరూర సేకరించి ఈ దారితో పోల్చి చూచుట పరిశోధకవిద్యార్థులకు మంచి పని.

6. నైలాను: ముడి తొలగుట

అమెరికాలో డ్యూపాంటు సంస్థయందు వాలెస్ కరోదర్సు బృందము 1935లో నైలానును సృష్టించినది. 1937లో కరోదర్సు మరణించెను. 1938లో ఆ పదార్థమును లోకమునకు ప్రకటించిరి. ఆ సంవత్సరమే జర్మనీలో పౌల్ ష్లాకు మఱియొక రకపు నైలానును కనుగొనెను. 1945లో యుద్ధము ముగిసిన పిదప నైలాను ఒంటిపోగు పట్టుతంతువును వేగముగా తొలగించినది. మన దేశమున 1952లో ఒడంబడిక కుదిరిన ఇండో నార్వీజియను పథకము, 1957లో కొచ్చిన్‌లో నెలకొల్పబడిన కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ మొదలగువాని కృషితో కృత్రిమతంతువులు వలలలోను, త్రాళ్ళలోను ప్రవేశించినవి.

నైలాను విజయమునకు కారణమేమి? బలమే యని చెప్పుట సులభము. కాని మంచి పట్టుతంతువు బలములో తీసివేయదగినది కాదు. నైలాను నీరు పీల్చి తన బలములో కొంత కోల్పోవును. ఎండకు క్రమముగా క్షీణించును. దాని నునుపువలన తొలుత పాతముడులు జారిపోయినవి. చుట్లు పెంచి ముడి వేయుట నేర్వవలసివచ్చినది. ఇన్ని లోపములున్నను అది గెలుచుటకు ముఖ్యకారణము మా దృష్టిలో పొడవు. యంత్రమునుండి వెలువడు నైలాను పోగునకు మేర లేదు. గాలమునుండి పెద్దత్రాటివఱకు, బారెడైనను పది బారలైనను, నడుమ ముడి లేని కొసదారము చరిత్రలో మొదటిసారి సామాన్యజాలరి చేతికి వచ్చినది. రెండువేల యేండ్లనాడు ప్లూటార్కు చెప్పిన 'ముడులు తగ్గవలెను' అను నియమము అప్పటికి నెఱవేఱినది. నానబెట్టు పని లేకుండుట, కుళ్ళకుండుట, అన్ని లావులలో దొరకుట, చవుక యగుట దీనికి తోడైనవి. నైలాను సాగుగుణము చేతిత్రాటివానికి ప్రత్యేకముగా మేలు చేసినది; వంగు కఱ్ఱ లేని లోటును సాగు దారము కొంత తీర్చును.

ఈ మేలునకు వెల లేకపోలేదు. తెగిన నూలుత్రాడు నీట కుళ్ళి నశించును. తెగిన నైలాను ఏండ్ల తరబడి సముద్రమున నిలిచి, చేపలకును, తాబేళ్ళకును, పక్షులకును చిక్కుగా మిగులును. 'తెగవలసినచోట తెగుట' గుణమని పైన చెప్పితిమి. తెగిన పిదప అది ఏమగునన్న ప్రశ్న నూలు జనుముల కాలమున ఇంతగా బాధింపలేదు, నేడు తప్పించుకొనరాదు.

జపానుకు చెందిన కురేహా సంస్థ 1971లో ఫ్లోరోకార్బను తంతువును 'సీగార్' అను పేర విపణికి తెచ్చినది. కాంతి నీటిలో వంగు ప్రమాణము 1.33, ఈ తంతువులో 1.42, నైలానులో సుమారు 1.53. రెండు ప్రమాణములు ఎంత దగ్గఱైన దారము నీట అంత తక్కువగా కనబడును. 'అసలు కనబడదు' అను మాట వర్తకుల అతిశయోక్తి. తక్కువగా కనబడుననుట యథార్థము. నైలాను సాంద్రత 1.14 కాగా దీని సాంద్రత 1.78, కావున త్వరగా మునుగును. నీరు పీల్చదు, రాపిడికి ఓర్చును. బిరుసైనది గనుక ముడిని తడిపి నెమ్మదిగా బిగింపవలెను, వెలయు హెచ్చు. తెల్లని వెండ్రుకను ఏఱిన గ్రీకు జాలరి కోరినదియు ఇదియే. సాధనము మాఱినది, కోరిక మాఱలేదు.

7. మన తీరమున ఎన్నిక

ఇంతవఱకు చెప్పినదానిని మన తీరపుచేపలతో సరిచూతము. విశాఖపట్టణమున చేపలను పరిశీలించిన పాట్రికు రస్సెలు 1803లో రెండువందల చేపల వర్ణనలను, చిత్రములను ప్రకటించెను. చేపలకు స్థానికనామములను చేర్చుట ఆ గ్రంథముయొక్క విశిష్టత. నేడు మనము కోనాము, వంజరము అను చేపల పేర్లు రెండును అందు కలవు. ఈ రెండును కత్తెరవంటి పండ్లుగలవి. నైలాను ఎంత బలమైనదైనను వీని పంటికి ఆగుట కష్టము. కావున వీనికి గాలముపైన కొంతమేర ఇనుపతీగ కట్టుదురు. తీగ కనబడును, మెలిపడును, త్రుప్పుపట్టును. అయినను ఓపియను చెప్పిన నక్కసొరవలె వీనికి లోహము తప్పదు.

ట్యూనా స్థితి దీనికి ఎదురు. దానికి దారమును కోయు పండ్లు లేవు. చూపు మాత్రము తీక్ష్ణము. తీగ చూచిన తొలగిపోవును. అందువలన పారదర్శకమైన పొడవాటి నైలాను గాని, ఫ్లోరోకార్బను గాని వలయును. రాళ్ళ నడుమ నివసించు బొంత జాతి చేపలు గాలము తగిలినంతనే రాతిసందులోనికి దూరును. అక్కడ చూపుకంటె రాపిడి ముఖ్యము. దారము లావుగా, పొట్టిగా నుండవలెను. చేయి ఒకటే, పెద్దత్రాడు ఒకటే. మూడు చేపలకు మూడు కొసదారములు. పూడిమడక వృద్ధుని మాటకు ఇంతకంటె వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఉపసంహారము

కొసదారపు చరిత్రను బలముయొక్క అభివృద్ధిగా చెప్పుట సగము సత్యము. వెండ్రుక, పట్టుతంతువు, నైలాను, ఫ్లోరోకార్బను అను క్రమమున కనబడునది మఱియొక సూత్రము: చేపకు కనబడక, పంటికిని రాతికిని ఆగి, ముడి లేక, తెగవలసినపుడు పెద్దత్రాటిని కాపాడుచు తెగు దారముకొఱకు జరిగిన అన్వేషణము. ఈ గుణములు పరస్పరవిరుద్ధములు. వాని నడుమ సమన్వయమును ఏ గ్రంథమును నిర్ణయింపలేదు. ప్రతి ఉదయము పడవ దింపుటకు ముందు జాలరి నిర్ణయించుచున్నాడు.

విదురనీతిలోని చేప దృష్టాంతమును మఱల తలతుము. ఆ చేప ఎరను చూచును, అనుబంధమును చూడదని అందలి భావము. అక్కడ అనుబంధమనగా పరిణామము. కాని ఆ పదమునకు మూలార్థము వెంట కట్టబడినది. ఎర వెంట కట్టబడినది ఈ కొసదారమే గదా! చేప దానిని చూడకపోవుట జాలరి నేర్పు. చదువరులమైన మనము చూడకపోవుట మాత్రము మన లోపము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వ్యవసాయపదములతో 1962లో ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశము, వృత్తులవారి నోటిమాట శాస్త్రమునకు ఎట్టి ఆధారమగునో మనకు చూపినది. పట్టుతంతువును, నూలుత్రాటిని చేతబట్టినవారు తీరమున నేడు మిగులరు. నైలాను రాకను ఎఱిగినవారును వృద్ధులైరి. ఇచ్ఛాపురమునుండి భీమునిపట్టణమువఱకు, అటనుండి దక్షిణముగా కృష్ణాసంగమమువఱకు మన విద్యార్థులు పోయి, ఏ చేపకు ఏ కొస కట్టుదురో, ఆ ముడికి పేరేమో అడిగి వ్రాసికొనవలెను. ఆ మాటలు తెగిపోయినచో మఱల ముడి వేయుటకు కొస దొరకదు.